మన చేబ్రోలు: శాసనములలోని ఊరు, జనగణనలోని ఊరు



ఆలయ జీర్ణోద్ధరణ, పునఃప్రతిష్ఠా మహోత్సవములను పురస్కరించుకొని వెలువడుచున్న ఈ సంచికలో గ్రామ చరిత్రను గూర్చి నాలుగు మాటలు వ్రాయుట ఉచితమని తోచినది. గర్భగుడిలోని మూర్తిని, గోపురమును గూర్చి చెప్పి, ఆ గుడికి నిత్యము ధూపదీపములు సమకూర్చిన జనమును గూర్చి చెప్పకపోయినచో చరిత్ర సగమే చెప్పినట్లగును. మన ఊరిని తెలిసికొనుటకు రెండు విధములైన ఆధారములు కలవు. ఒకటి శాసనము, రెండవది జనగణన. మొదటిది దానము చేసినవారి పేర్లను రాతిపై నిలిపినది. రెండవది పేరు చెప్పకుండ ప్రతి మనిషిని లెక్కించినది. ఈ రెండింటిని కలిపి చదివినప్పుడే చేబ్రోలు సంపూర్ణముగా కనబడును.

ఊరు, పేరు

గుంటూరు నగరము నుండి నారాకోడూరు మీదుగా పొన్నూరు, బాపట్లల వైపు పోవు మార్గమున, గుంటూరునకు సుమారు 15 కిలోమీటర్ల దూరములో చేబ్రోలు ఉన్నది. ఇది మండల కేంద్రము. ఒక ప్రక్క మెట్టభూములు, మరియొక ప్రక్క కృష్ణా పశ్చిమ డెల్టా మాగాణి. ఈ రెండింటి అంచున నిలిచిన ఊరగుటచేత ఇటు జొన్న, అటు వరి, రెండును ఎరిగిన రైతులు మనవారు. సుద్దపల్లి, వేజండ్ల, వడ్లమూడి మున్నగు గ్రామములు ఈ మండలములోనివే.

ప్రోలు అనగా పురము. భట్టిప్రోలు మొదలగు ఊళ్ళ పేర్లలో కనబడు మాటయే ఇది. చెంబు అనగా రాగి. సంస్కృత శాసనములలో మన ఊరికి తామ్రపురి అని పేరు గలదు. తామ్రము అన్నను రాగియే గదా. రాగికిని ఈ ఊరికిని గల సంబంధమేమో గాని, ఒకే అర్థము గల పేరు రెండు భాషలలోను నిలిచి వచ్చినది. మన ఊరి చుట్టుప్రక్కల నూటొక్క గుళ్ళు, నూటొక్క బావులు ఉండెడివని పెద్దలు చెప్పుకొను మాట. ఆ సంఖ్యను ఎవరైనను లెక్కించిరో లేదో, గుడిని బావిని ఒకే వాక్యములో చెప్పుట గమనింపదగినది. దేవుని దర్శనమును, దాహము తీర్చు నీటిని మన పూర్వులు వేరుగా తలపలేదు.

మొదటి పేరు ఒక దాతది

2019 డిసెంబరులో కేంద్ర పురావస్తు శాఖకు చెందిన శాసన విభాగమువారు చేసిన ప్రకటన మన ఊరి పేరును దేశమంతట వినిపించినది. భీమేశ్వరాలయమున మరమ్మతు పనులు జరుగుచుండగా వెలుగుచూచిన ఒక శాసనమును వారు చదివిరి. అది సంస్కృత భాషలో బ్రాహ్మీ లిపితో వ్రాయబడినది. శాతవాహన రాజగు విజయుని ఐదవ పాలనా సంవత్సరమునకు, అనగా క్రీ.శ. 207వ సంవత్సరమునకు చెందినది. దక్షిణ భారతమున అంతవరకు దొరికిన సంస్కృత శాసనములలో ఇదియే మొట్టమొదటిదని వారు నిర్ణయించిరి. అంతకు పూర్వము ఆ గౌరవము నాగార్జునకొండలోని ఇక్ష్వాకు రాజగు ఎహవల చాంతమూలుని శాసనమునకు ఉండెడిది.

ఈ శాసనములో తాంబ్రాప అను ఊరి పేరు కలదు. అదియే మన చేబ్రోలు. అచ్చటి భగవతీ శక్తిమాతృకల ఆలయమున, కార్తికుడను వ్యక్తి ప్రాసాదమును, మండపమును నిర్మించి, దక్షిణ భాగమున మూర్తులను ప్రతిష్ఠించెనని అందు చెప్పబడినది. సప్తమాతృకారాధనకు శాసనములలో దొరకిన తొలి ఆధారముగా కూడ దీనిని పండితులు పేర్కొనుచున్నారు. బ్రాహ్మి, మాహేశ్వరి, కౌమారి, వైష్ణవి, వారాహి, ఇంద్రాణి, చాముండ అని మనము నేటికిని పూజించుచున్న ఏడుగురు తల్లులకు పద్దెనిమిది వందల సంవత్సరములకు పూర్వమే ఈ నేలపై ఆలయమున్నదన్నమాట.

ఇందులో భక్తులు గమనింపవలసిన సంగతి ఒకటున్నది. కార్తికుడు రాజు కాదు. తాను చేసిన నిర్మాణముల పుణ్యము రాజునకు చెందవలెనని కోరినవాడు. ఈ శాసనమున మన ఊరి పేరుతో జతపడిన పేరు ఒక దాతది, అదియు ఫలమును మరియొకరికి విడిచిన దాతది. ఇదే స్థలమున క్రీ.శ. ఒకటవ శతాబ్దికి చెందిన ప్రాకృత శాసనము కూడ లభించినది. అందు మఠమునకు మండపము, చైత్యము దానము చేసిన ప్రస్తావన కలదు. కావున శాతవాహనుల నాడే ఈ ఊరు వేర్వేరు మార్గముల వారికి ఆశ్రయమైనదని తెలియుచున్నది.

కుమారస్వామి ఊరు, జాయపుని తామ్రపురి

తూర్పు చాళుక్యుల కాలమునకు చేబ్రోలు కుమారస్వామి క్షేత్రముగా ప్రసిద్ధి చెందినది. క్రీ.శ. 10వ శతాబ్దికి చెందిన యుద్ధమల్లుని బెజవాడ శాసనము తెలుగు సాహిత్య చరిత్రలో పేరుపొందినది. మధ్యాక్కర వృత్తములలో వ్రాయబడిన ఆ శాసనములో, చేబ్రోలి కుమారస్వామి జాతరకై బెజవాడకు వచ్చిన సంగతి చెప్పబడినది. దేవుడు ఒక ఊరి నుండి మరియొక ఊరికి పోయినాడనగా జనము పోయినారని అర్థము. ఉత్సవమూర్తి వెంట మోతగాళ్ళు, వాద్యగాళ్ళు, వ్యాపారులు, మ్రొక్కుబడుల వారు నడచిన బాట అది. కృష్ణ దాటి అవతలి ఒడ్డున గుడి వెలసినంతగా మన ఊరి జాతరకు పేరుండెను.

అటుపై చందవోలు రాజధానిగా వెలనాటి చోడులు ఈ సీమను ఏలిరి. వారి పిమ్మట కాకతీయ గణపతిదేవుడు (క్రీ.శ. 1199 నుండి 1262 వరకు) తీరాంధ్రమును జయించి, దివిసీమకు చెందిన అయ్యవంశము వారితో సంబంధము కలుపుకొనెను. ఆ వంశపు కన్యలగు నారాంబ, పేరాంబలను వివాహమాడి, వారి సోదరుడగు జాయపుని చేరదీసి గజసాహిణిగా, అనగా ఏనుగుల సేనకు అధిపతిగా నియమించెను. తామ్రపురి జాయపుని పాలనలోనికి వచ్చెను. ఆయన తన తండ్రి చోడుని పేర ఇచ్చట చోడేశ్వరాలయమును కట్టించి సంస్కృత శాసనము వేయించెను.

జాయపసేనాని క్రీ.శ. 1253-54 ప్రాంతమున పూర్తి చేసిన నృత్తరత్నావళి ఎనిమిది అధ్యాయముల గ్రంథము. దీనిని రాళ్ళపల్లి అనంతకృష్ణశర్మగారు తెనిగించిరి. మార్గ నృత్తముతో ఆగక, పేరణి, చిందు, దండరాసకము వంటి దేశి నృత్తములకు కూడ ఆయన శాస్త్రస్థానమిచ్చెను. సేనాధిపతియైనవాడు కళ్ళములో, తిరునాళ్ళలో ఆడు జనుల అడుగులను చూచి గ్రంథమున నిలిపెను. రాతి శాసనము దాతల పేర్లు నిలిపినట్లే, ఈ గ్రంథము పేరు లేని ఆటగాళ్ళ విద్యను నిలిపినది. మన ఊరికి దక్కిన గౌరవములలో దీనిని చిన్నదిగా ఎంచరాదు.

చతుర్ముఖ బ్రహ్మ కొలను

కొండవీటి రెడ్డిరాజులు, గజపతులు, 1515లో కొండవీటిని గెలిచిన శ్రీకృష్ణదేవరాయలు, పిమ్మట గోల్కొండ కుతుబ్‌షాహీలు, నిజాములు, ఇట్లు ఏలికలు మారిరి. 1788లో గుంటూరు సర్కారు ఇంగ్లీషు కుంపిణీ చేతికి వచ్చెను. ఆ సంధికాలమున ఈ ప్రాంతపు జమీందారుగా ఉన్నవారు రాజా వాసిరెడ్డి వేంకటాద్రి నాయుడుగారు. చింతపల్లి నుండి అమరావతికి తమ నివాసమును మార్చినవారు, అనేక ఆలయములను కట్టించినవారు, జీర్ణోద్ధరణము చేయించినవారు. చేబ్రోలులోని చతుర్ముఖ బ్రహ్మ ఆలయము వారి నిర్మాణమే. కొలను నడుమ వెలసిన ఈ గుడిలో శివలింగమునకు నాలుగు వైపుల బ్రహ్మమూర్తులు ఉండుట విశేషము. బ్రహ్మదేవునకు ఆలయములు అరుదైన మన దేశములో ఇట్టి క్షేత్రము మన ఊరికి దక్కినది. చెంచులను వధింపించిన పాపమునకు ప్రాయశ్చిత్తముగా నాయుడుగారు ఈ ఆలయములను కట్టించిరని జనశ్రుతి. కథ ఎట్లున్నను, గుడిని చూచినప్పుడు కట్టించినవారితో పాటు ఆ చెంచులను కూడ జనము మరువలేదని ఈ జనశ్రుతి చెప్పుచున్నది.

కరువు, ఆనకట్ట

నాయుడుగారి కాలము గడచి ఇరువదేండ్లు నిండకమునుపే ఈ సీమకు మహావిపత్తు వచ్చినది. 1832-33, నందన నామ సంవత్సరము. వానలు లేక, ధాన్యము లేక గుంటూరు జిల్లా అల్లాడిపోయినది. డొక్కల కరువని, నందన కరువని జనము దానికి పేరు పెట్టిరి. సుమారు ఐదు లక్షల జనాభా గల జిల్లాలో లక్షన్నర నుండి రెండు లక్షల మంది మరణించిరని అంచనా. మద్రాసు బాటన ఆకలితో నడచిన వారిలో ఎందరో దారిలోనే రాలిపోయిరి. ఈ మృతులెవరికిని శాసనము లేదు. ఎన్ని గ్రామములలో ఎన్ని గుళ్ళు దీపము లేక ఉండిపోయినవో ఊహింపవలసినదే. ఆలయము శిథిలమగుటకు రాతి బలహీనత ఒక్కటే కారణము కాదు. ఊరిలో తినుటకు లేనప్పుడు గుడి ముందుగా ఒరుగును.

ఆ కరువు నేర్పిన పాఠము వలననే కృష్ణపై ఆనకట్ట ఆలోచన బలపడినది. బెజవాడ వద్ద 1852లో ప్రారంభమైన ఆనకట్ట 1855లో పూర్తియైనది. కాలువల వెంట పశ్చిమ డెల్టా పచ్చబడినది. ఆ పాత ఆనకట్ట 1952లో గండిపడగా, దాని స్థానమున కట్టిన ప్రకాశం బారేజి 1957లో పూర్తియైనది. నీరు స్థిరపడినప్పుడు జనము స్థిరపడెను, పంట మిగిలినప్పుడు గుడికి సున్నము పడెను. మన ప్రాంతపు ఆలయముల నేటి స్థితిగతులకు ఈ కాలువలకు ఉన్న సంబంధమును మరువరాదు.

లెక్కలు చెప్పు జనము

ఇక జనగణన విషయము. మద్రాసు రాజధానిలో 1871 నుండి క్రమమైన జనగణన జరుగుచు వచ్చినది. 1859లో కృష్ణా జిల్లాలో కలిసిన గుంటూరు 1904లో మరల జిల్లాయైనది. 1918 నాటి విషజ్వరము వలన 1911, 1921 గణనల నడుమ భారతదేశ జనాభా పెరుగుటకు బదులు 25.21 కోట్ల నుండి 25.13 కోట్లకు తగ్గినది. ఆపైన ఆ తగ్గుదల మరల ఎన్నడును రాలేదు.

గుంటూరు జిల్లా జనాభా 1991లో 41 లక్షల 7 వేలు. 2001లో 44 లక్షల 65 వేలు. 2011లో 48 లక్షల 88 వేలు. అనగా చివరి పది సంవత్సరములలో పెరుగుదల వందకు తొమ్మిదిన్నర. ఉమ్మడి రాష్ట్రపు పెరుగుదల ఇంచుమించు 11 శాతము. డెల్టా ప్రాంతపు పెరుగుదల ఏల మందగించినది? కాన్పులు తగ్గుట ఒక కారణము, వలస మరియొక కారణము. గుంటూరు, తెనాలి, విజయవాడ, హైదరాబాదు, ఆపైన అమెరికా, ఆస్ట్రేలియా వరకు మన పిల్లలు చేరిరి. ఈ సంచిక చదువుచున్న దాతలలో పలువురు ఆ దేశముల నుండి సాయపడినవారే. మన మండలమునందలి వడ్లమూడిలో విశ్వవిద్యాలయము, పాల కర్మాగారము వెలసి బయటివారికి కూడ నెలవైనవి. అనగా పోవువారు పోవుచుండగా వచ్చువారు వచ్చుచున్నారు.

2001లో ప్రతి వేయిమంది పురుషులకు 984 మంది స్త్రీలున్న గుంటూరు జిల్లాలో 2011 నాటికి 1003 మంది స్త్రీలుండిరి. అక్షరాస్యత 67 శాతము. ఉమ్మడి ఆంధ్రప్రదేశములో పనిచేయు ప్రతి నూరుగురిలో 43 మంది వ్యవసాయ కూలీలు, 16 లేదా 17 మంది సాగుదారులు. ఈ లెక్కను మనము ఒక్క క్షణము నిలిచి చూడవలెను. మన ఊళ్ళను రైతుల ఊళ్ళందుము. లెక్కల ప్రకారము రైతుకంటె రైతు పొలమున పనిచేయువారి సంఖ్య రెండింతలకు మించినది. డెల్టాలో భూమి గలవారు పట్టణముల కేగగా, ఇతరులు కౌలుకు దున్నుట పెరిగినది. వరి కోసిన పిమ్మట తేమపై చల్లిన మినుము పూర్వము ఈ భూములకు రెండవ పంట. పల్లాకు తెగులు, బంగారు తీగ బాధ వలన 2000 తరువాతి సంవత్సరములలో చాలచోట్ల దాని స్థానమున దుక్కి లేని మొక్కజొన్న, జొన్న వచ్చినవి. కౌలు రైతు కష్టము ఈ మార్పులలో పెరిగినదే గాని తగ్గలేదు.

2022 ఏప్రిల్‌లో జరిగిన పునర్విభజనలో గుంటూరు జిల్లా గుంటూరు, బాపట్ల, పల్నాడు జిల్లాలుగా ఏర్పడినది. చేబ్రోలు గుంటూరులోనే నిలిచినది. 2021లో జరుగవలసిన జనగణన జరుగలేదు. తదుపరి గణనకు 2027 మార్చి 1వ తేదీని ఆధారముగా 2025 జూన్‌లో ప్రకటించిరి. కావున పై లెక్కలను 2011 నాటివిగానే గ్రహింపవలెను.

శాసనమునకెక్కని వారు

అవిభక్త గుంటూరు జిల్లా జనాభాలో ఇంచుమించు ఐదవ వంతు షెడ్యూల్డు కులములవారు. వీరి పెద్దలు రాయి మోసిరి, చెరువు త్రవ్విరి, పొలము దున్ని గుడి మాన్యములలో ధాన్యము పండించిరి. ఆ ధాన్యముతోనే నైవేద్యము జరిగెను. అయినను ఆలయ ద్వారము వారికి మూసియుండెను. 1947లో మద్రాసు ప్రభుత్వము దేవాలయ ప్రవేశ చట్టము చేయువరకు లోనికి వచ్చి స్వామిని దర్శించు హక్కు వారికి చట్టముచేత దక్కలేదు. వేదము చదివినవాడు ఈ సంగతిని కప్పిపుచ్చుట ధర్మము కాదు. శాసనములు ఎంత ప్రాచీనములైనను, వాటిలో వీరి పేర్లు కనబడవు. జనగణన పట్టికలోనే వీరికి మొదటిసారి చోటు దొరికినది.

అట్లే కుండలు చేసి ఇచ్చిన కుమ్మరి, వస్త్రములు ఉతికిన చాకలి, సన్నాయి ఊదిన మంగలి, రథచక్రము చెక్కిన వడ్రంగి, కాగడా పట్టినవాడు, పూలు కట్టినవాడు. వీరికి పూర్వము సేవా ఇనాములుండెడివి. 1956లో ఆంధ్ర ప్రాంతపు ఇనాముల రద్దు చట్టము వచ్చిన పిమ్మట పాత కట్టుబాట్లు సడలినవి. వారి పిల్లలు ఇతర వృత్తులలోనికి పోయిరి. అది వారికి మేలే. కాని వారి సేవ ఏ రూపమున ఏ ఆలయమున జరిగెడిదో ఎరిగిన వృద్ధులు నేడు కొద్దిమందియే మిగిలిరి.

కర్మమున చేసినవాడు, చేయించినవాడు, ప్రేరేపించినవాడు, ఆమోదించినవాడు, నలుగురును సమభాగులని పెద్దలు చెప్పిన మాట. చేయించినవారి పేరు చలువరాతిపై వ్రాయుదుము. చేసినవారి పేరు వ్రాయుటకు రాయి చాలకపోవునా?

దాతలకు, భక్తులకు విన్నపము

జీర్ణోద్ధరణ సమయమున కళాకర్షణము చేసి స్వామివారి కళను కుంభమునందు నిలిపి, బాలాలయమునందు ఆరాధించుచుందుము. అప్పుడు గుడిలో మిగిలినది రాయియే గదా అని పనివారు భావించవచ్చును. ఆ సమయముననే ఎక్కువ జాగ్రత్త అవసరము. భీమేశ్వరాలయ మరమ్మతులలో క్రీ.శ. 207 నాటి శాసనము బయటపడిన సంగతి పైన చెప్పబడినది. ఆ రాయి పునాదిలోనో గచ్చు క్రిందనో కలిసిపోయి ఉన్నచో తాంబ్రాప పేరు, కార్తికుని పేరు మనకు తెలిసెడివి కావు. జీర్ణోద్ధరణము చరిత్రను బయటపెట్టగలదు, అజాగ్రత్తతో చేసినచో పూడ్చివేయను గలదు.

కావున ఈ క్రింది నాలుగు మాటలను వినయముగా మనవి చేయుచున్నాను.

మొదటిది, అక్షరములున్న ఏ రాతిపైనను సున్నము, రంగులు వేయరాదు. యంత్రముతో ఇసుక చిమ్మించి శుభ్రము చేయించరాదు. గ్రానైటు పలకలతో కప్పరాదు. రాతిని కదల్చవలసి వచ్చినచో ముందుగా మైసూరులోని కేంద్ర పురావస్తు శాసన విభాగమునకుగాని, రాష్ట్ర పురావస్తు శాఖకుగాని తెలిపి అచ్చుప్రతి తీయించవలెను.

రెండవది, దాతల పేర్లు పాత స్తంభములపై చెక్కించవలదు. అందుకు వేరుగా ఒక ఫలకము చాలును. కార్తికుడు తన పుణ్యమును మరియొకరికి విడిచిన సంగతి మనకు ఆదర్శము కావలెను.

మూడవది, క్రొత్త ఫలకమును శాసనము వలె వ్రాయించవలెను. శకవర్షము, సంవత్సరము పేరు, తిథి, ఇంగ్లీషు తేదీ, ఏ భాగము క్రొత్తగా కట్టబడినది, ఏ రాయి ఎచ్చటి నుండి ఎచ్చటికి మార్చబడినది, స్థపతి ఎవరు, రాతిపని, తాపీపని, కూలిపని చేసినవారెవరు, అన్నియు అందుండవలెను. ధనము ఇచ్చినవారి ప్రక్కనే శ్రమ ఇచ్చినవారి పేర్లు నిలువవలెను. నూరేండ్ల తరువాత మరల జీర్ణోద్ధరణము చేయువారికి అది దారి చూపును.

నాలుగవది, ఊరిలోని వృద్ధుల నుండి ఆలయసేవల వివరములను, వారి వాడల చరిత్రను, కరువు, వరదల జ్ఞాపకములను ఒక పుస్తకమున వ్రాయించి ఆలయమున భద్రపరచవలెను. దూరదేశములనున్న యువతీయువకులు ఈ పనికి ధనముకంటె తమ సమయము నిచ్చినచో మేలు.

పూజారంభమున సంకల్పము చెప్పించునపుడు దేశమును, కాలమును, గోత్రమును, నామమును చెప్పుదుము. తానెచ్చట నిలిచి, ఏ కాలమున, ఎవరి వంశమున పుట్టి ఈ కర్మ చేయుచున్నాడో ఎరుగనివాని సంకల్పము పూర్తి కాదు. గ్రామమునకు కూడ అట్టి సంకల్పము ఒకటి అవసరము. తాంబ్రాప నుండి తామ్రపురి మీదుగా చేబ్రోలు వరకు వచ్చిన ఊరి దేశకాలములను, రాతికెక్కిన వారిని, లెక్కకు మాత్రమే ఎక్కిన వారిని, దేనికిని ఎక్కక కరువులో పోయినవారిని స్మరించి మహాకుంభాభిషేకమున నిలుతము. స్వామివారి అనుగ్రహము దాతలకు, శ్రమించినవారికి, ఊరిలోనున్నవారికి, ఊరు విడిచినవారికి సమముగా కలుగుగాక.

స్వస్తి. శుభం భూయాత్.